మూడు రకాల రెగ్యులేటర్లతో టెక్ డైవింగ్ మొదలెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది విశాఖ, ఉద్యోగం ఫ్లోరిడాలో. నాలుగేళ్ళుగా ఒక్కోటి కొంటూ వచ్చా, ఇప్పుడు మూడు రెగ్యులేటర్లున్నాయి (సిలిండర్ గాలిని పీల్చడానికి వీలుగా ప్రెషర్ తగ్గించి ఇచ్చేవి). ఒకటి పిస్టన్ రకం, యోక్ (సిలిండర్ వాల్వుకి బయట నుంచి బిగించేది), ఒకటి సీల్డ్ డయాఫ్రం రకం, డిన్ (వాల్వులోకి మరలా బిగించేది), ఇంకోటి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోసైడన్ కంపెనీ జెట్‌స్ట్రీమ్. టెక్ డైవింగ్ (మామూలు స్కూబా కంటే కష్టమైన డైవింగ్) కోసం వచ్చే నెల ట్విన్ సెట్ (వీపు మీద జంట సిలిండర్లు) కోర్సు, ఆ తర్వాత కేవ్, అంటే గుహల్లో డైవింగ్. ఏ బ్రాండ్ బెస్ట్? అన్నీ కొత్తవి కొనాలా?

జవాబు: తమ్ముడూ, బ్రాండ్ సంగతి కాసేపు పక్కన పెట్టు. 40 మీటర్ల లోతులో ప్రెషర్ 5 బార్, అంటే నువ్వు పీల్చే గాలి పైన ఉన్నదానికంటే ఐదు రెట్లు చిక్కగా ఉంటుంది, అక్కడ సిలిండర్ ఖాళీ అవుతున్నా ఒకేలా గాలి ఇచ్చే బ్యాలెన్స్‌డ్ ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) కావాలి, మంచి కంపెనీలన్నీ అది చేస్తున్నాయి. నీకున్న అసలు ఇబ్బంది మూడూ మూడు రకాలు కావడం.

ఒకసారి బోటు మీద నా ఫస్ట్ స్టేజ్ ప్రెషర్ మెల్లగా పెరుగుతూ పోయింది, సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) బుసబుసమని గాలి వదలడం మొదలెట్టింది. ఫ్రెండ్ దగ్గర స్పేర్ ఉంది కానీ అది యోక్, నావి 300 బార్ డిన్ వాల్వులు. ఎంత వెతికినా అడాప్టర్ దొరకలేదు, ఆ రోజు డైవ్ పోయింది. అప్పట్నించి మా టీమ్‌లో అందరం ఒకే మోడల్, ఒకే సర్వీస్ కిట్, ఒక స్పేర్ ఎవరికైనా పనికొస్తుంది.

నీ డయాఫ్రందాన్ని ఉంచుకో. సీల్డ్ కాబట్టి కేవ్‌లో ఇసుక, బురద లోపలికి పోవు. అచ్చం దానిలాంటిదే ఇంకోటి కొను, మిగతా రెండూ అమ్మేయొచ్చు. పోసైడన్ చెడ్డది అనట్లేదు, చాలా బాగా గాలి ఇస్తుంది, కానీ మామూలు సెకండ్ స్టేజ్ ప్రెషర్ పెరిగితే దానంతటదే తెరుచుకుని వదిలేస్తుంది, జెట్‌స్ట్రీమ్ అలా చేయదు, దానికి రిలీఫ్ వాల్వ్ వేరే కావాలి. రెండు రకాలు కలిపితే ఏది ఎలా ఫెయిల్ అవుతుందో తల్లో గుర్తుపెట్టుకోవాలి, చీకట్లో అది నీకు వద్దు. యోక్ అయితే రాయికి గట్టిగా తగిలినప్పుడు ఓ రింగ్ కదిలి గాలి పోవచ్చు, డిన్ వాల్వులోకి మరల్లా బిగుస్తుంది.

హోస్‌లు ఎలా పెట్టాలో కూడా ఇప్పుడే ఫిక్స్ చేసుకో. కుడి పోస్ట్‌కి (కుడివైపు వాల్వుకి) నోట్లో పెట్టుకునేదాని 2.1 మీటర్ల పొడుగు హోస్, వింగ్ (నీళ్ళలో తేలడానికి గాలి నింపే సంచి) ఇన్‌ఫ్లేటర్. ఎడమ పోస్ట్‌కి మెడలో వేలాడే బ్యాకప్ సెకండ్ స్టేజ్, ప్రెషర్ గేజ్, డ్రైసూట్ (ఒళ్ళు తడవని సూట్) ఉంటే దాని హోస్. ఎందుకంటే గుహ పైకప్పుకి రాసుకుంటూ ముందుకెళ్తే ఎడమ వాల్వు తిరిగి మూసుకుపోతుంది, అప్పుడు నోట్లో ఉన్నది, వింగ్ రెండూ కుడివైపు పనిచేస్తూ ఉండాలి. దీన్ని హోగార్థియన్ అంటారు, నువ్వుండే ఫ్లోరిడాలోనే డైవ్ చేసిన విలియం హోగార్త్ మెయిన్ పేరు మీద.

డెకో సిలిండర్లకి (పైకి వస్తూ మధ్యలో ఆగినప్పుడు పీల్చే గ్యాస్‌వి) తర్వాత అదే మోడల్ తీసుకో, కానీ ఆక్సిజన్ క్లీన్ చేయించి వాటికే వాడు, వేరే వాటితో కలపకు. 50 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్ 21 మీటర్లకి, ప్యూర్ ఆక్సిజన్ 6 మీటర్లకి, ఆ లోతు సిలిండర్ మీద పెద్ద అంకెల్లో రాసుండాలి. ఆక్సిజన్ 40 శాతం దాటిన గ్యాస్‌కి టైటానియం రెగ్యులేటర్ మాత్రం వాడొద్దు, ఎవడు ఎంత చవగ్గా అమ్మినా.

ఇంటర్మీడియట్ ప్రెషర్ (ఫస్ట్ స్టేజ్ నుంచి హోస్‌లోకి వచ్చే ప్రెషర్) చూపే గేజ్ ఒకటి కొను, ఎక్కువ ఖర్చు కాదు. 9 నుంచి 10 బార్ మధ్య ఆగి కదలకుండా నిలబడాలి, కొన్ని నిమిషాలు చూసినా పైకి పాకుతూ ఉంటే ఫస్ట్ స్టేజ్ లోపల గాలిని ఆపే సీటు అరిగిందని. ప్రతి ట్రిప్ ముందు రీడింగ్ పుస్తకంలో రాసుకో, రెండూ ఒకే మోడల్ కాబట్టి ఒకటి తేడాగా ఉంటే వెంటనే కనపడుతుంది. సర్వీస్ నుంచి వచ్చిన రెగ్యులేటర్ నేరుగా గుహలోకి తీసుకెళ్ళకు, ముందు లోతు తక్కువ ఉన్న స్ప్రింగ్‌లో (నీటి ఊటలో) ఒక డైవ్ చెయ్యి.