మిర్చి యార్డు తెలిసిన ఇంటి పిల్లకు పోటీ చట్టం కొత్త కాదు

ప్రశ్న: మాది నర్సంపేట. కొన్నేళ్లుగా చిన్న తెలుగు వార్తల వెబ్‌సైట్ నడుపుతున్నాను. చదివేవారు పెరిగారు గానీ ప్రకటనల మీద వచ్చే డబ్బు ఏటేటా తగ్గుతోంది. మా అమ్మాయి హనుమకొండలో బీఏ మూడో సంవత్సరం, ఎకనామిక్స్ చదువుతోంది. సైటు లెక్కలన్నీ తనే ఎక్సెల్‌లో రాస్తుంది. ఆన్‌లైన్ ప్రకటనల విషయంలో గూగుల్‌పై అమెరికాలో వచ్చిన తీర్పు గురించి చదివినప్పటి నుంచి ‘ఇలాంటి కేసుల్లో పనిచేస్తాను’ అంటోంది. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. నా కష్టం చూసి పిల్ల ఈ దారి పట్టిందేమోనని నా భయం. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఏం చదివించాలి? సైటు కూడా మూసేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయి. తక్కువే, ఎక్కువగా ఢిల్లీ, ముంబైలలోనే ఉన్నాయి. కానీ నిజంగా ఉన్నాయి. ఇక మీ భయం సంగతి. ఇంట్లో కష్టం చూసి పిల్ల ఒక చదువు ఎంచుకుంటే అందులో తప్పేమీ లేదు. అయితే ఈ వృత్తికి కోపం ఒక్కటే చాలదు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ ఒకటి, వినియోగదారుల సంస్థ ఒకటి 2012లో గూగుల్‌పై ఇచ్చిన ఫిర్యాదుల మీద వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే మన కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) 2018 ఫిబ్రవరిలో రూ.135.86 కోట్ల జరిమానా వేసింది. అంటే ఆదేశం రావడానికే ఆరేళ్లు. అంత ఓపిక ఉండాలంటే విషయం మీద ఇష్టం ఉండాలి. ఆ ఇష్టం ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు.

ముందు అమెరికా తీర్పు దేని గురించో మీకు తెలిసిన మిర్చి యార్డుతో చెబుతాను. మీ జిల్లా రైతులు మిర్చి బస్తాలు తీసుకుని వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్తారు. అక్కడ రైతు తరఫున అడ్తిదారు ఉంటాడు, కొనడానికి ఖరీదుదారు ఉంటాడు. జెండా పాట, అంటే వేలం, నడుస్తుంది, కాంటా వేస్తారు, చివరికి రైతు చేతికి తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, వస్తుంది. ఇప్పుడు ఒక్కడే రైతుకు అడ్తిదారుగా, ఖరీదుదారుకు ఏజెంటుగా ఉంటూ, యార్డుకు యజమానిగా జెండా పాట కూడా తనే పాడిస్తున్నాడనుకోండి. పాట ఎంత దాకా వెళ్లిందో, మధ్యలో ఎంత కోత పడిందో రైతుకు ఎలా తెలుస్తుంది? తక్‌పట్టీ మీద ఉన్న అంకెను నమ్మడం తప్ప చేయగలిగింది లేదు.

మీ సైటులో ఎవరైనా ఒక వార్త తెరిచినప్పుడు, పేజీ కనపడేలోపే ఇలాంటి పాట ఒకటి జరిగిపోతుంది. ఖాళీ జాగా మీది, కాబట్టి రైతు మీరు. ప్రకటన ఇచ్చే కంపెనీ ఖరీదుదారు. మీ జాగాను అమ్మకానికి పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి, వేలం నడిపే ఎక్స్చేంజి ఒకటి, ప్రకటనకర్తల తరఫున పాట పాడే ఉపకరణం ఒకటి. 2008లో డబుల్‌క్లిక్ అనే ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీ కొనుగోలు పూర్తయ్యాక గూగుల్ చేతిలో ఈ మూడూ చేరాయి. అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కలిసి 2023 జనవరిలో వర్జీనియా ఫెడరల్ కోర్టులో కేసు వేశాయి. 2025 ఏప్రిల్ 17న న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా తీర్పు ఇచ్చారు. ప్రచురణకర్తల వైపు సాఫ్ట్‌వేర్‌లోనూ, వేలం ఎక్స్చేంజిలోనూ గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని, ఆ రెంటినీ ఒకదానికొకటి ముడిపెట్టిందని తేల్చారు. ఆ ఎక్స్చేంజి తీసుకునే వాటా దాదాపు 20 శాతం, అంటే వంద రూపాయల్లో ఇరవై.

మీ అమ్మాయికి ఇక్కడొక సంగతి తప్పక చెప్పండి. ఈ తీర్పు ప్రభుత్వానికి పూర్తి గెలుపు కాదు. ప్రకటనకర్తల వైపు మూడో మార్కెట్ ఒకటుందని, అందులోనూ గుత్తాధిపత్యం ఉందని ప్రభుత్వం వాదించింది. ఆ మార్కెట్‌ను అలా విడిగా గీయడాన్నే కోర్టు ఒప్పుకోలేదు. ఏది ఒక మార్కెట్, దాని సరిహద్దు ఎక్కడ? ఈ ప్రశ్న దగ్గరే సగం కేసులు గెలుస్తాయి, సగం ఓడిపోతాయి. ఎనుమాముల మిర్చి ధర నచ్చకపోతే రైతు ఖమ్మం వెళ్లగలిగితే రెండు యార్డులూ ఒకే మార్కెట్. లారీ కిరాయి కట్టుకుని వెళ్లడం గిట్టకపోతే వేర్వేరు మార్కెట్లు. లాయరు ఈ మాట చెప్పగలడు గానీ, లెక్కవేసి చూపించేది ఆర్థికవేత్త. ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పే డిమాండు స్థితిస్థాపకత పాఠం మీ అమ్మాయి చదువుతున్నదే, అది సరిగ్గా ఇక్కడే పనికొస్తుంది.

మన దేశంలో గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే పాత ఎంఆర్‌టీపీ చట్టం స్థానంలో పోటీ చట్టం 2002లో వచ్చింది. ఆధిపత్య దుర్వినియోగాన్ని నిషేధించే నాలుగో సెక్షన్ 2009 మే నుంచి అమల్లో ఉంది. పెద్దగా ఎదగడం ఈ చట్టం దృష్టిలో తప్పు కాదు. ఆ పెద్దరికాన్ని వాడుకుని ఎదుటివారికి దారి మూసేయడమే తప్పు. ఈ తేడా మనసుకు పట్టనివారు ఈ రంగంలో రాణించలేరు. డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం ఫిర్యాదుపై 2022 జనవరిలో సీసీఐ గూగుల్‌పై దర్యాప్తుకు ఆదేశించింది. వాట్సాప్ సమాచారాన్ని పంచుకున్న తీరుపై 2024 నవంబరులో దాని యజమాని మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసి, ప్రకటనల కోసం ఆ సమాచారం పంచుకోకుండా అయిదేళ్ల నిషేధం విధించింది. ఏడాది తర్వాత అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, నిషేధాన్ని తొలగించింది. సామాన్యుడికి తేడా తెలిసేది జరిమానాతో కాదు, ఆ నిషేధం లాంటి ఆంక్షతో. దాన్ని అప్పీలులో నిలబడేలా రాయడానికే మంచి బుర్రలు కావాలి.

ఇక చదువు. రెండు దారులున్నాయి. ఒకటి న్యాయశాస్త్రం: టీజీ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. హనుమకొండ సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల ఇంటికి దగ్గరే. తర్వాత ఎల్‌ఎల్‌ఎంలో పోటీ చట్టం ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. రెండోది ఎకనామిక్స్ ఎంఏ: సీపీగెట్ ప్రవేశ పరీక్షతో కాకతీయ లేదా ఉస్మానియా, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. నన్నడిగితే మీ అమ్మాయికి రెండో దారి సరిపోతుంది. సైటు లెక్కలను తనంతట తాను ఎక్సెల్‌లో రాసుకునే పిల్లకు అంకెలంటే భయం లేదన్నమాట. కానీ బీఏలో చదివిన గణితం చాలదు. ఎకనామెట్రిక్స్, అంటే గణాంకాలతో ఆర్థిక విషయాలను లెక్కగట్టే పద్ధతి, తెలియని ఎంఏతో ఈ రంగంలో ఎవరూ లోపలికి రానివ్వరు. ఈ సెలవుల్లోనే ఇంటర్ ఎంపీసీ కలన గణితం, సంభావ్యత పుస్తకాలు తెచ్చి ముందు పెట్టండి. ఇక్కడ మొహమాటపడితే రెండేళ్ల తర్వాత బాధపడాలి. ఒకవేళ ఆ పుస్తకాలు నెలరోజులు తిప్పినా మనసు అటు పోకుండా, తీర్పుల్లోని వాదనే తనను లాగుతుంటే అప్పుడు లాసెట్.

బీఈడీ గురించి నాకు చిన్నచూపు లేదు. దాని ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ కూడా రాయనివ్వండి, ఒక పరీక్ష రాసినంత మాత్రాన దారి మారిపోదు.

ఎంఏ తర్వాత ఏముంది? సీసీఐలో న్యాయం, ఆర్థికశాస్త్రం, ఆర్థిక విశ్లేషణ అనే మూడు విభాగాల నిపుణులు పనిచేస్తారు. విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఉంది. దాని కోసం ఎంఏ మొదటి ఏడాది నుంచే కన్నేసి ఉంచాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకు ఎకనామిక్స్ పీజీ ఉంటే చాలు, వయసు 21 నుంచి 30 మధ్య ఉండాలి. ఢిల్లీ, ముంబై న్యాయ సంస్థల్లో పోటీ చట్టం విభాగాలు, వాటికి లెక్కలు వేసిచ్చే ఆర్థిక సలహా సంస్థలు ఉన్నాయి. మరో మాట, చాలామంది పట్టించుకోనిది: చదువు మధ్యలో హైదరాబాద్‌లోని ఏదైనా డిజిటల్ ప్రకటనల ఏజెన్సీలో ఆరు నెలలు పనిచేయిస్తే మంచిది. వేలం ఎలా నడుస్తుందో ఖరీదుదారు వైపు నుంచి చూసినవారికి, కమిషన్ ముందు కూర్చున్నప్పుడు ఎదుటివారు ఏం దాస్తున్నారో అర్థమవుతుంది.

ఇంగ్లిష్ సంగతి దాచను. తీర్పులు, నివేదికలు, వాదనలు అన్నీ ఇంగ్లిష్‌లోనే. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇక్కడే వెనక్కి తగ్గడం చూశాను, నాకది బాధ కలిగించే విషయం. బ్రింకెమా తీర్పు 115 పేజీలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజుకు మూడు పేజీలు చదివి, ఆ రాత్రి అర్థమైనంత మీకు తెలుగులో చెప్పమనండి. నలభై రోజుల్లో అయిపోతుంది. మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే ఈ రంగం తనది కాదని తెలుస్తుంది. మీకు చెప్పకుండా నిద్రపోలేకపోతే నేను మళ్లీ ఉత్తరం రాయనక్కర్లేదు.

సైటు మూసేయాలా అన్నది వ్యాపార నిర్ణయం, అది మీదే. ఆదాయం తగ్గడానికి ఫలానా సంస్థే కారణమని మీరూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చలేం. పాఠకుల అలవాట్లు మారడం, వీడియోల వైపు మళ్లడం, ప్రకటన బ్లాకర్లు, ఇంకా ఎన్నో ఉండవచ్చు. కానీ మూసేముందు ఒక పని చేయండి. మొదటి నెల నుంచి వచ్చిన చెల్లింపు పత్రాలన్నీ అమ్మాయికి ఇవ్వండి. నెలవారీ పేజీ వీక్షణలు ఒక వరుస, ప్రకటనలు కనిపించిన సంఖ్య ఒక వరుస, వెయ్యి ప్రకటనలకు చేతికొచ్చిన రూపాయలు ఒక వరుస. ఏ నెలలో గీత కిందికి వంగిందో చూసి, ఆ నెల చుట్టూ ఏం మారిందో తననే వెతకమనండి. ఎంఏ ప్రవేశానికైనా, ఇంటర్న్‌షిప్‌కైనా చూపించడానికి తన చేతితో చేసిన పని ఒకటి ఉంటుంది. ఆ పట్టిక తయారయ్యాక ఒక ప్రతి నాకూ పంపించండి, చూసి నా అభిప్రాయం రాస్తాను.