'బంద్' అన్న ఒక్క మాటకు ఇంగ్లీష్‌ల ఐదు మాటలు

హన్మకొండ

బిడ్డా,

రోజుకు ఇరవై ఇంగ్లీష్ మాటలు బట్టీ పడుతున్నవట, వారం తిరిగేసరికి నాలుగు కూడా యాదికుంటలేవట. నువ్వు పంపిన ఫొటో చూసిన. ఎడమ దిక్కు ఇంగ్లీష్ మాట, కుడి దిక్కు తెలుగు అర్థం. పని చెడేది ఆడనే.

మన ఒక్క మాటకు అక్కడ ఒక్క మాట దొరుకదు. ఇంట్ల పొద్దున లేస్తే వాడే 'బంద్ చెయ్యి'నే తీసుకో. తలుపు బంద్ చేస్తే షట్. ఫ్యానో నల్లానో బంద్ చేస్తే టర్న్ ఆఫ్. లొల్లి బంద్ చెయ్యమంటే స్టాప్. మీ బాపు చాయ బంద్ చేసిండంటే గివ్ అప్. పిల్లగాడు చదువు బంద్ చేసిండంటే డ్రాప్ అవుట్. బంద్ అంటే క్లోజ్ అని ఒక్క ముక్క రాసుకున్నోళ్ల నోట్లె నుంచే 'క్లోజ్ ద ఫ్యాన్' వస్తది.

'నుంచి' ఇంకా ఎక్కువ మోసం చేస్తది. 'ఐదేండ్ల నుంచి కాజీపేటల ఉంటున్నం' అనే అలవాటుతోటి 'వీ ఆర్ లివింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అంటం. ఎంత కాలమో చెప్తే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్. 'వీ హావ్ బీన్ లివింగ్ ఇన్ కాజీపేట ఫర్ ఫైవ్ ఇయర్స్', లేకుంటే చివర్ల 'సిన్స్ 2020'. క్రియ కూడా మారింది, చూసినవా?

ఇగ నోట్‌బుక్. 200 పేజీల పొడుగుది కొను. రోజుకు ఒక్క పేజీ, పేజీకి ఐదు మాటలే, ఇరవై వద్దు. ఒక్కో మాటకు నాలుగు వరుసలు. అడ్వైస్ అనే మాట ఎట్ల రాయాల్నో చూడు. మొదటి వరుసల స్పెల్లింగు, పక్కనే పలికే తీరు తెలుగు లిపిల, ఒత్తి పలికే 'వైస్' కింద గీత. రెండో వరుసల అర్థం: సలహా, నామవాచకం, లెక్కపెట్టరానిది. ఈ చివరిది ఇంగ్లీష్ నేర్చుకునేటోళ్ల డిక్షనరీల మాట పక్కన యు అనే అక్షరంతోటి చూపిస్తరు, చాలామంది చూడకుండనే దాటిపోతరు. లెక్కపెట్టరానిదంటే 'అడ్వైసెస్' ఉండదు, 'యాన్ అడ్వైస్' కూడా ఉండదు. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్ అన్నీ ఈ జాతివే. మూడో వరుసల జోడు మాటలు: గివ్, టేక్, ఫాలో, అ పీస్ ఆఫ్ అడ్వైస్. నాలుగో వరుసల నీ సొంత వాక్యం. 'మై గ్రాండ్‌మదర్ గేవ్ మీ గుడ్ అడ్వైస్ అబౌట్ మనీ' లాంటిది, మనింటి సంగతే కావాలె. డిక్షనరీలది దించుకుంటే ఆ వరుస దండుగ.

దాని కిందనే అడ్వైజ్ రాసుకో, అది క్రియ, సలహా ఇచ్చుడు. చివర్ల వచ్చేది మన 'జ' గాదు. మన జకు నాలుక పైకి తాకుతది, దీనికి తాకొద్దు. 'స్స్' అనుకుంటనే గొంతు మోగించాలె. కుత్తిక మీద వేలు పెట్టుకో, స్‌కు అదురు ఉండదు, దీనికి ఉంటది. ఎనుమాముల మార్కెట్ల మిర్చికి పలికేది ప్రైస్, ఆటల పోటీల గెలిస్తే వచ్చేది ప్రైజ్. తేడా ఆ అదురే. లూస్ అంటే వదులు, లూజ్ అంటే పోగొట్టుకునుడు.

తెలుగు రాసినట్టే చదువుతం గనుక, అక్షరం కనిపిస్తే పలకకుండ ఉండలేం. డెట్ అంటే అప్పు, అందుల బి పలుకదు. ఫ్రెంచి నుంచి వచ్చిననాడు ఆ బి లేనే లేదు. లాటిన్‌ల మూలం 'డెబిటుమ్' అని చూపియ్యడానికి పండితులు తర్వాత ఇరికించిన్రు, జనం నోరు మాత్రం మారలే. రిసీట్‌ల పి కూడా అసొంటిదే. కంఫర్టబుల్‌ల 'టేబుల్' లేదు, 'కంఫ్‌టబుల్' అను. వెజ్‌టబుల్ కూడా అంతే. రెండు అక్షరాలు కనిపించినయని ఒత్తు పెట్టకు: హాప్పీ గాదు హాపీ, రన్నింగ్ గాదు రనింగ్. ఎవ్రీ, ఎగ్జామ్ ముందర మన నోరు 'య' తగిలిస్తది, కనిపెట్టుకొని ఉండు. బస్సు, కారు అని తెలుగుల అనుడు తప్పు గాదు, అవి మన మాటలే అయినయి. ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు మటుకు ఆ 'ఉ' తీసెయ్యి.

భూతకాలం చివర్ల వచ్చే ఈ, డీ మూడు తీర్లు పలుకుతది. గొంతు మోగని ధ్వని తర్వాత ట్: వాష్ట్, వర్క్ట్. మోగే ధ్వని తర్వాత డ్: ప్లేడ్, కాల్డ్. ట్, డ్‌ల తర్వాతనే ఇడ్: వాంటిడ్, నీడిడ్. 'ఆస్కెడ్' అన్నవంటే ఇంటర్వ్యూల దొరికిపోతవు.

డిస్కస్ వెనుక అబౌట్ పెట్టకు. కజిన్ బ్రదర్, అవుట్ ఆఫ్ స్టేషన్ మన దేశంల నడుస్తయి, నేను తప్పు పట్ట. 'పాస్డ్ అవుట్ ఇన్ 2023' మాత్రం వద్దు, బయటి దేశపోళ్లకు అది కళ్లు తిరిగి పడిపోయినట్టు వినిపిస్తది. గ్రాడ్యుయేటెడ్ అను.

చదివింది మళ్లీ చదువుడు లెక్కలకు రాదు. అర్థం మీద అట్ట ముక్క పెట్టి మూసి, బయటికి చెప్పి, తర్వాత తీసి చూసుకో. మరునాడు ఒకసారి, మూడోనాడు, వారానికి, నెలకు. ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లనే ఈ మరుపు లెక్క కొలిచిండు, ఎక్కువ జారిపోయేది మొదటి రోజే. అందుకే మరునాటిది తప్పొద్దు. ఆదివారం కొత్త మాటలు వద్దు, పాతయే. ఇట్ల వారానికి ముప్పై, ఏడాదికి 1,560. ఇంగ్లీష్ నేర్పే పండితుడు మైకేల్ వెస్ట్ 1953ల అచ్చేసిన అక్కెర మాటల జాబితానే సుమారు 2,000. ఇరవై ఎందుకు వద్దన్ననో అర్థమైందా?

ఇంకోటి, ఇంగ్లీషోళ్ల బ్యాండికూట్ మన పందికొక్కే. వాళ్లు మన మాటను ఎట్ల వంకర తిప్పిన్రో చూస్తే నీ నోరు తిరుగలేదని అంత సిగ్గు పడవు.

మొదటి పేజీ నింపినంక ఫొటో తీసి పంపు. నాలుగో వరుసలే ముందుగాల చూస్త.

మీ పెద్దబాపు