ఆ డైనోసార్ బొమ్మల గురించి ఇంకో రెండు పేజీలు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం పన్నెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం కాలేజీకి వెళ్తూ వస్తూ ఫోన్‌లో ‘ఫైర్‌ఫ్లై’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ పద్నాలుగు ఎపిసోడ్లూ చూశానని రాశావు. ఆ మర్నాడే ఆ కథకి కొనసాగింపుగా వచ్చిన ‘సెరినిటీ’ సినిమా చూసి, రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని కూడా రాశావు. ఈ మాట ఆఖరి పేజీలో అడుగున ఉంది. మొదటి పేజీలో ఉండాల్సింది అదే తల్లీ.

మిగతా పేజీలన్నీ సినిమా బాగుందా లేదా అని తేల్చడానికే ఖర్చుపెట్టావు. తేల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆగిపోయిన సీరియల్‌లోని మనుషులు సినిమాగా తిరిగొస్తే, వాళ్లని ప్రేమించినవాళ్ల మనసులో ఏం జరుగుతుందో మాత్రం ఆ ప్రేమించినవాళ్లే చెప్పాలి.

సీరియల్‌ని ఆపేసిన ఛానెల్ మీద ఒక పేజీ శాపనార్థాలు పెట్టావు. అవి కొట్టేశాను. 2002 సెప్టెంబరులో మొదలై డిసెంబరుకే ఆగిపోయిందనీ, తీసిన 14లో 11 మాత్రమే అప్పుడు వేశారనీ, అందరినీ పరిచయం చేసే మొట్టమొదటి కథని చిట్టచివర చూపించారనీ రాస్తే చాలు. కోపం చదివేవాళ్లకే వస్తుంది.

ఇంకో సంగతి. అప్పటి అభిమానులు 2005 సెప్టెంబరు దాకా ఎదురుచూశారు. నువ్వు ఎదురుచూడలేదు, ఒక్క రాత్రి ఆగావంతే. అయినా నీ వ్యాసంలో ‘మేము ఏళ్ల తరబడి వేచి ఉన్నాం’ అని ఉంది. అది వాళ్ల బాధ. నీది వేరు. నిన్న పంటు మీద సీరియల్‌లో నిన్ను నవ్వించిన మనిషి ఇవాళ సినిమాలో చచ్చిపోయాడు. అది చిన్న బాధేం కాదు, దాన్నే రాయి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నాకూ అలాంటిదే జరిగింది. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్నే ‘స్టార్ ట్రెక్’ అనే అంతరిక్ష సీరియల్ వచ్చేది. మా వీధిలో ఒక్కరింట్లోనే టీవీ. ఇంగ్లిష్ సగం కూడా అర్థమయ్యేది కాదు, గాలి వేస్తే యాంటెన్నా తిరిగిపోయేది. అది అమెరికాలో 1969లోనే ఆగిపోయిందని మాకు తెలీదు. వాళ్లు ఆ వారమే ఎక్కడో ఆకాశంలో తిరుగుతున్నారనుకునేవాణ్ని. తర్వాత పట్నంలో ఒక వీడియో పార్లర్‌లో 1982లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ సినిమా చూశాను. నాకు కొద్దివారాల క్రితం కనిపించిన మనుషులకి ఒక్కసారిగా పదిహేనేళ్లు పైబడ్డాయి. కెప్టెన్ కర్క్‌కి చదువుకోవడానికి కళ్లద్దాలు కావాల్సొచ్చింది! మా నాన్నకి కళ్లజోడు వచ్చింది ఆ ఏడే. పేపరు దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి లాక్కుని, చివరికి నా చేతికిచ్చి చదవమనేవాడు.

అద్దానికి అవతల కర్క్ ప్రాణస్నేహితుడు స్పాక్ చనిపోయినప్పుడు పార్లర్‌లో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఇంటికొచ్చి రాసిన వ్యాసంలో ఆ కళ్లద్దాలు లేవు, నాన్న లేడు. ఓడల పోరాటం మాత్రం వర్ణించి వర్ణించి రాశాను. పత్రిక వాళ్లు తిప్పి పంపారు. సరిగ్గానే చేశారు.

నీ పేజీల్లో అలాంటి కళ్లద్దాలు ఎక్కడున్నాయా అని వెతికాను. తొమ్మిదో పేజీలో దొరికాయి. ‘ఫైర్‌ఫ్లై’లో అంతరిక్ష ఓడ నడిపే వాష్, మొదటి కథలో మనకి కనిపించేటప్పటికే, ముందున్న బల్ల మీద ప్లాస్టిక్ డైనోసార్లని నిలబెట్టి వాటి చేత మాటలాడిస్తుంటాడని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయావు. ఎందుకు వెళ్లిపోయావు? సినిమాలో అతను ఓడని ప్రాణాలతో దింపుతాడు, గండం గడిచిందని మనం ఊపిరి పీల్చుకునేలోపు అద్దం పగిలి బల్లెం లాంటిది గుండెల్లో దిగుతుంది. పక్కనే ఉన్న భార్య జోయీకి ఏడవడానికి కూడా టైం ఉండదు. ఆ బొమ్మలాట చూసినవాళ్లకి ఆ చావు ఒకలా ఉంటుంది, చూడనివాళ్లకి ఇంకోలా ఉంటుంది. ఆ తేడాయే నీ వ్యాసం. అక్కడ ఆగు. నీ పక్కన పంటు మీద ఎవరున్నారో, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో అన్నీ రాయి.

ఓడలోని డాక్టరు సైమన్ సంగతి కూడా ఉంచు. ప్రభుత్వం బంధించిన చెల్లెల్ని వేరేవాళ్ల సాయంతో తప్పించానని సీరియల్‌లో చెప్పినవాడు, సినిమాలో స్వయంగా లోపలికెళ్లి తీసుకొచ్చేస్తాడు. నువ్వు దాన్ని దర్శకుడు జాస్ వీడన్ చేసిన తప్పుగా పట్టుకున్నావు. తప్పే కావచ్చు. కానీ చిన్నప్పుడు విన్న కథని అమ్మమ్మ మార్చి చెబితే ఎలా ఉక్రోషం వస్తుందో అలాంటిది కదా నీకు వచ్చింది? ఆ ఉక్రోషాన్ని కూడా రాయి.

భాష గురించి ఒక్కటే. ఆ ఓడని ‘అనంత విశ్వంలో విహరించే లోహ విహంగం’ అన్నావు. అది సరుకు పడవ. మన కాలవల మీద ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు మోసిన పడవలు ఎలా నడిచేవో మీ తాతగారిని అడుగు. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. లాకుల దగ్గర నీటిమట్టం సమానమయ్యేదాకా ఆగేవారు. వంటా నిద్రా పడవలోనే, ఏ రేవులో ఏ సరుకు దొరికితే అదే బేరం. కెప్టెన్ మాల్, మెకానిక్ కేలీ, జోయీల బతుకు నాకు అచ్చం అలాగే కనిపించింది. ఆ మాటలు నీ ఊళ్లోనే ఉన్నాయి.

ఇక సినిమా మీద నువ్వు మరీ కఠినంగా ఉన్నావు. ఓడల మీద పడి మనుషుల్ని చంపి తినే రీవర్లు ఎలా పుట్టారో సీరియల్ చెప్పకుండానే ఆగిపోయింది, సినిమా చెప్పింది. జనాన్ని శాంతపరచాలని ప్రభుత్వం మిరాండా గ్రహం మీద గాలిలో మందు కలిపితే, 3 కోట్ల మంది తిండీ పనీ మానేసి పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయారు. కొద్దిమంది రాక్షసులయ్యారు. ఆఖర్న మాల్ ఓడ గురించి అడిగితే జోయీ చెప్పే జవాబు ఓడకీ తనకీ కలిపి సరిపోతుంది. అది చూసి నీకు కృతజ్ఞత కలగలేదంటే నమ్మను. కోపమూ కృతజ్ఞతా ఒకే పేరాలో ఉండనీ. ఒకదాని కోసం ఇంకోదాన్ని కొట్టెయ్యకు.

పెన్సిల్ గీతలతో నీ కాగితాలు ఇందులోనే పెట్టాను. తొమ్మిదో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. డైనోసార్ల గురించి ఇంకో రెండు పేజీలు కావాలి. వచ్చే నెల నరసాపురంలో పెళ్లికి వస్తున్నాను. సాయంత్రం పంటు రేవు దగ్గర కలుద్దాం, రాసింది తీసుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు