ఇంట్లో కుదరని యోగా నలుగురిలో కుదురుతుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది చిత్తూరు. అమ్మాయికి పెళ్లయి బెంగళూరు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. రాత్రి రెండింటికే మెలకువ వస్తుంది, ఇక తెల్లారేదాకా ఏదో ఒక టెన్షన్. ఫోన్‌లో వీడియో చూసి యోగా మొదలుపెడతాను, నాలుగు రోజులకే మానేస్తాను. మా వీధి ఆడవాళ్లు మేడ మీద కలిసి చేస్తూ నన్నూ రమ్మంటున్నారు. నాకేమో మోకాళ్లు వంగవు, సిగ్గు కూడా. ఆసనాలు అవే కదా, గుంపులో చేస్తే మనసుకు కొత్తగా ఒరిగేదేంటి?
- ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా. ఆసనాలు అవే, కానీ ఇంట్లో మీ ఊపిరిని పట్టించుకునేవాళ్లు లేరు. కుక్కర్ విజిల్ వేస్తే లేచిపోతాం. గుంపులో టీచర్ లెక్కపెడుతుంటే అందరితో పాటు మీ శ్వాసా నెమ్మదిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే వదలడం ఎంత నిదానమైతే ఒళ్లు అంత తేలికపడుతుంది. తుమ్మెదలా 'మ్మ్' అంటూ ఊపిరి వదిలే భ్రామరి పదిమందితో కలిసి చేసి చూడండి, ఆ నాదంలో మీకు తెలియకుండానే శ్వాస నిడివి పెరుగుతుంది. అలిపిరి మెట్లు ఒంటరిగా ఎక్కడానికీ, గోవిందలు చెబుతున్న గుంపుతో ఎక్కడానికీ తేడా మీకు తెలిసే ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పందేల ఆటగాళ్లను పరిశీలించారు. ఒక్కరే తెడ్డు వేసినప్పటికన్నా జట్టుగా ఒకే లయలో వేసినప్పుడు వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు. చిన్న పరిశీలనే, కానీ తిరుపతిలో మా బ్యాచ్‌లో నేను చూస్తున్నదీ అలాంటిదే. భర్త పోయిన ఒకావిడ చాలా రోజులు చివరి వరసలో కళ్లు మూసుకుని కూర్చునేది, అంతే. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత ఆవిడే అంది: "పొద్దున ఆరింటికి నాకోసం చూసేవాళ్లు ఉన్నారు మేడమ్, అందుకే లేస్తున్నా." మీరు నాలుగు రోజులకే మానేయడానికి కారణం బద్ధకం కాదు. రాకపోతే ఏమైందని అడిగే మనిషి లేకపోవడం.

మోకాళ్ల సంగతి మొదటి రోజే టీచర్‌కు చెప్పి కుర్చీ అడగండి. వజ్రాసనం వద్దు. బీపీ ఉంటే ఊపిరి వేగంగా, బలంగా ఆడించే కపాలభాతి, భస్త్రిక వద్దు. ఒంటి మీద చెయ్యివేసి బలవంతంగా వంచే టీచర్ అయితే ఆ బ్యాచే వద్దు.

ఇంకో మాట. నిద్రలేమి, దిగులు రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే ఫోన్ చేయండి. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే యోగా చేస్తున్నానని మానకండి.

రేపు ఆ పిలిచినావిడతోనే వెళ్లండి. శవాసనం అవ్వగానే టిఫిన్ చెయ్యాలని పరుగెత్తకుండా, పది నిమిషాలు వాళ్లతో కూర్చుని మాట్లాడి రండి. యోగాలో అదీ భాగమే అనుకోండి.