కార్డులో డబ్బుంది, కోటా ఏది?

ప్రశ్న: పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ కోసం, ఫోటో చూసి గుండు, బద్ద, ముక్క వేరుచేసే ప్రోగ్రాం రాస్తున్నాను. ఉచిత క్రెడిట్‌తో క్లౌడ్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే కంప్యూటర్ల) ఖాతా తెరిచి, జీపీయూ (ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే చిప్) ఉన్న మెషిన్ అడిగితే ‘కోటా మించింది, పరిమితి 0’ అని వచ్చింది. ఒక్కటి కూడా వాడకుండా మించడం ఏమిటి? కార్డు ఇచ్చాను, అందులో డబ్బుంది. చిన్న ఊరని ఇవ్వడం లేదా?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: చిన్న ఊరని కాదు. బెంగళూరులో నిన్న ఖాతా తెరిచినవారికీ చాలావరకు ఇదే సున్నా ఎదురవుతుంది. దొంగ కార్డులతో ఖాతాలు తెరిచి, రాత్రికి రాత్రే జీపీయూల మీద క్రిప్టో కరెన్సీ తవ్వుకుని మాయమయ్యేవారు ఉన్నారు. అందుకని కొత్త ఖాతాలకు ఖరీదైన మెషిన్లు అడగనిదే తెరవరు.

ఇంటి కరెంటు సంగతి చూడండి. మంజూరైన లోడు రెండు కిలోవాట్లయితే, ఎంత బిల్లైనా కట్టగలిగినవారు సైతం ఐదు కిలోవాట్ల మోటారు పెట్టుకోవాలంటే ముందు లోడు పెంచమని దరఖాస్తు చేసుకోవాలి. కోటా ఆ లోడు లాంటిది. ఒకేసారి ఎన్ని వాడవచ్చో చెబుతుంది, మీ జేబు సంగతి దానికి పట్టదు.

కంపెనీ పేరు మీరు రాయలేదు కాబట్టి మూడు పెద్ద కంపెనీల సంగతీ చెబుతాను. గూగుల్ క్లౌడ్‌లో 90 రోజుల 300 డాలర్ల ఉచిత ఖాతా ఉన్నంతకాలం జీపీయూ పెట్టుకోలేరు, కోటా పెంచమని అడగలేరు కూడా. ముందు దాన్ని చెల్లింపు ఖాతాగా మార్చాలి. మిగిలిన క్రెడిట్ ఆ 90 రోజులు పూర్తయ్యేదాకా పోదు. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ ఉచిత ఖాతాకూ కోటా పెంచరు. అమెజాన్‌లో కోటా మెషిన్ల సంఖ్యలో కాక వర్చువల్ సీపీయూల (మెషిన్‌కు కేటాయించే ప్రాసెసర్ భాగాల) సంఖ్యలో ఉంటుంది. నాలుగు సీపీయూల మెషిన్ కావాలంటే ‘ఒకటి’ అని కాదు, నాలుగు అని అడగాలి. అక్కడ ప్రతి రీజియన్‌కూ (కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతానికీ) కోటా వేరు: ముంబైలో మంజూరైతే 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో మంజూరైనట్టు కాదు.

దరఖాస్తులో ‘ఎక్కువ కావాలి’ అని రాయకండి. ‘ముంబై రీజియన్‌లో టీ4 జీపీయూ ఒకటి, జీడిపప్పు ఫోటోల మీద మోడల్‌కు శిక్షణ ఇవ్వడానికి, రోజుకు నాలుగు గంటలు’ అని రాయండి. టీ4కు 16 జీబీ మెమరీ ఉంటుంది. గుండుకూ బద్దకూ తేడా పట్టే చిన్న మోడల్‌కు అది ధారాళంగా సరిపోతుంది. ఎనిమిది అడిగితే తిరస్కరిస్తారు, తిరస్కరించడం న్యాయమే. గూగుల్‌లో మరో మెలిక ఉంది. రీజియన్ కోటాతో పాటు ‘అన్ని రీజియన్లకూ కలిపి’ అనే జీపీయూ కోటా వేరే ఉంటుంది. మొదటిది పెంచుకుని రెండోదాన్ని చూడనివారు మళ్లీ అదే సున్నా చూసి నాకు ఉత్తరం రాస్తుంటారు. విజయనగరంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మెషిన్ తయారు చేయడం కన్నా ముందు కోటా పేజీ చదవడం నేర్పుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

కోటా వచ్చాక కూడా ఆ జోన్‌లో (రీజియన్‌లోని ఒక భాగంలో) జీపీయూలు ఖాళీ లేవని సందేశం రావచ్చు. అది కోటా సమస్య కాదు. పక్క జోన్‌లో ప్రయత్నించండి. అన్నయ్య ఫోన్ నంబరుతో రెండో ఖాతా తెరిచే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. పట్టుబడితే రెండు ఖాతాలూ మూస్తారు, ఫ్యాక్టరీ ఫోటోలు అందులోనే చిక్కుకుంటాయి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్‌కు నెలకు రెండు వేల రూపాయల బడ్జెట్ పెట్టాను. అయినా అంతకు మించి బిల్లు వచ్చింది. వేసవి సెలవుల్లో మెషిన్ కూడా ఆపేశాను.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ఆ బడ్జెట్ ఈమెయిల్ పంపుతుంది, అంతే. మెషిన్‌ను ఆపదు. మీరు మెషిన్ ఆపినా దాని డిస్కుకు అద్దె నడుస్తూనే ఉంటుంది. అమెజాన్‌లోనైతే 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ (ఇంటర్నెట్‌లో మెషిన్‌ను గుర్తించే నంబరుకూ), వాడినా వాడకపోయినా, గంటకు 0.005 డాలర్లు పడుతుంది. నెలకు దాదాపు మూడున్నర డాలర్లు. వేసవంతా అక్కర్లేకపోతే డిస్కును స్నాప్‌షాట్‌గా (నకలుగా) దాచి, మెషిన్, డిస్కు, చిరునామా మూడూ తొలగించండి. ఇంకొకటి, కోటాను పెంచమనే కాదు, తగ్గించుకోనూ వచ్చు. గూగుల్ మ్యాప్స్ లాంటి సేవలకు రోజుకు ఇన్ని అభ్యర్థనలని మీరే చిన్న అంకె పెట్టుకుంటే, అది దాటాక సేవ ఆగుతుంది, బిల్లూ ఆగుతుంది.

ప్రశ్న: నా ప్రోగ్రాం అప్పుడప్పుడు 429 అని చెప్పి ఆగిపోతుంది.
– నరసన్నపేట

జవాబు: 429 అంటే, నిమిషానికి పంపదగినదానికన్నా ఎక్కువ అభ్యర్థనలు పంపుతున్నారని. ఒక సెకను ఆగి మళ్లీ పంపండి, రాకపోతే రెండు, తర్వాత నాలుగు సెకన్లు. ఆగే సమయానికి ప్రతిసారీ కొద్దిగా అటూఇటూ తేడా కలపండి. లేకపోతే మీ ప్రోగ్రాములన్నీ ఒకేసారి లేచి మళ్లీ ఒకేసారి పడతాయి.