శాతం సంగతి తర్వాత, ముందు ఆ కుడి కన్ను చూపించండి

ప్రశ్న: నా వయసు 43. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. ఏడు నెలల కిందట ఇనుప ముక్క ఎగిరి ఎడమ కంట్లో గుచ్చుకుంది. ఆపరేషన్ చేసి తీశారు, కుట్లు వేశారు. ఇప్పుడు ఆ కంటితో మీటరు దూరంలో వేళ్లు లెక్కపెట్టగలనంతే. సదరం (వైకల్యాన్ని ధ్రువీకరించే) శిబిరంలో 30 శాతం ఇచ్చారు. 40 ఉంటేనే పింఛను అంటున్నారు. కుడి కన్ను కూడా ఆనడం లేదని చెబితే శాతం పెరుగుతుందా? ప్రమాద బీమా క్లెయిమ్ కూడా నడుస్తోంది. అది తేలేదాకా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లొద్దని ఏజెంటు అన్నాడు. అన్నట్టు, నెల రోజులుగా కుడి కన్ను ఎర్రబడుతోంది, వెలుతురు చూడలేకపోతున్నా. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 'అన్నట్టు' అని చివర్లో రాశారే, నాకు భయం వేసింది అక్కడే.

ఒక కంటికి లోపలిదాకా దెబ్బ తగిలినవాళ్లలో, ఎక్కడో కొద్దిమందికి, కొన్ని వారాలకో నెలలకో దెబ్బ తగలని కన్ను కూడా లోపల వాస్తుంది. సింపథెటిక్ ఆఫ్తాల్మియా అంటాం. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున రెండో కంటి లోపలి పొర మీద కూడా దాడికి దిగుతుంది. అరుదే. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే వస్తుంది, మీది ఏడో నెల. మీకు అదేనని ఉత్తరం చూసి చెప్పలేను. కళ్లకలక కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే సూక్ష్మదర్శిని) కింద చూసి, చుక్కలు వేసి రెటీనా పరీక్షిస్తే తప్ప తేలదు. అందుకని ఇవాళే వెళ్లండి. ఆపరేషన్ చేసిన చోటికి వెళ్తే మంచిది, కుదరకపోతే మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికి. డిశ్చార్జ్ కాగితాలు మరిచిపోవద్దు. త్వరగా మందులు మొదలుపెడితే ఈ జబ్బులో చాలామందికి చూపు నిలుస్తుంది.

ఇక ఆ చుక్కలు. పేరు రాయలేదు. వేస్తే తగ్గి, ఆపితే వస్తోందంటే స్టెరాయిడేమోనని నా అనుమానం. ఓపీలో రోజూ చూస్తుంటాను, జేబులోంచి లేబుల్ ఊడిన సీసా తీసి 'ఇదే సార్, షాపాయన ఇచ్చాడు' అంటారు. ఎర్రగా ఉంటే ఒకటి, దురదగా ఉంటే ఒకటి, చదువుకున్నవాళ్లూ అంతే. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, నేను భయపడుతున్న జబ్బుకూ స్టెరాయిడే మందు. కాకపోతే తగిన మోతాదులో, తరచూ మాత్రలతో కలిపి, నెలల తరబడి, కంటి ఒత్తిడి కొలుస్తూ ఇవ్వాలి. షాపు చుక్క పైన ఎరుపు తగ్గించి లోపలి వాపును కప్పిపెడుతుంది. నెలల తరబడి వేసుకుంటే నీటికాసులు, శుక్లం తెచ్చిపెట్టగలదు. అలాగని ఇది చదివి మీ అంతట మీరే ఆపేయకండి. సీసా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

శాతం విషయానికి వస్తే, సదరం డాక్టర్లు పిసినారితనం చేయలేదు. లెక్కే అంత. అద్దాలు పెట్టాక మంచి కన్ను 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) లేదా అంతకన్నా మెరుగ్గా ఉండి, రెండోది 3/60 కన్నా తక్కువైతే (మీ ఎడమ కన్ను అంతే) 30 శాతం. రెండో కన్ను మొత్తం చీకటైనా అంతే. తేడా ఉందనిపిస్తే అప్పీలుకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో దారి ఉంది. కానీ కుడి కన్ను ఆనడం లేదని నటించడం మాత్రం వద్దు. కంటిపాప వెలుగుకు ఎలా స్పందిస్తోందో చూస్తాం, అద్దాలు మార్చి తికమక పెడతాం, ఓసీటీ (రెటీనా పొరల స్కాన్), వీఈపీ (కన్ను చూసింది మెదడుకు చేరుతోందో లేదో కొలిచే పరీక్ష) ఉన్నాయి. దొరికిపోతే ఎడమ కంటికి నిజంగా జరిగిన నష్టాన్ని కూడా అనుమానిస్తారు. పైగా కుడి కన్ను నిజంగానే 6/24కి పడిపోతే 40 దానంతటదే దాటుతుంది. అలా కోరుకుంటారా?

బీమా గురించి నేను చెప్పగలిగింది తక్కువ. పాలసీ ఏదో రాయలేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఒక కంటి చూపు పూర్తిగా, తిరిగి రాకుండా పోతే లక్ష రూపాయలు. ఆ 'పూర్తిగా' అన్న మాట దగ్గరే పేచీ. మీటరు దూరంలో వేళ్లు కనిపించడాన్ని ఎలా చూస్తారనేది పాలసీ నిబంధనలను బట్టి ఉంటుంది. ప్రమాదం పనిలో జరిగింది కాబట్టి ఈఎస్‌ఐ ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే పనిలో గాయపడ్డవాళ్లకిచ్చే పరిహారం పట్టికలో ఒక కంటి చూపు పోవడం ఉంది, కార్మిక శాఖలో అడగండి. ఏజెంటు మాట మాత్రం వినకండి. క్లెయిమ్ పరిశీలించే డాక్టరు మొదట అడిగేవి చికిత్స కాగితాలే. మధ్యలో నెలలు ఖాళీగా ఉంటే నష్టం మీకే.

ఎవరైనా ఎమ్మారై (బలమైన అయస్కాంతంతో తీసే స్కాన్) రాస్తే కంట్లో ఇనుము పడిన సంగతి ముందే చెప్పండి. ఇవాళ ఆస్పత్రికి వెళ్లేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు, మీకున్న ఆ ఒక్క కన్నూ కొన్ని గంటలు మసకగా ఉంటుంది. బండి మీరు నడపొద్దు.

– కంటి వైద్య నిపుణులు, హైదరాబాద్