ఉపగ్రహానికి పచ్చగా కనబడేదంతా పంట కాదు

"ఉపగ్రహ చిత్రాలు, వాన లెక్కలు చూసి కరువు వచ్చిందని చెప్పొచ్చా?" అని అడిగారు. చెప్పొచ్చు. కానీ మా నల్గొండ జిల్లా దేవరకొండ చెల్కల్లో (వానమీదే పండే ఎర్ర నేలల్లో) ఆ పచ్చదనం దేనిదో తెలుసుకోకుండా చెప్పకూడదు.

2015 వానాకాలం. నైరుతి దేశం మొత్తమ్మీదే 14 శాతం తక్కువ పడిన ఏడాది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలు చదివే పని నేర్చుకుంటున్నాను. ఆగస్టు చివర్లో మోడిస్ (నాసా ఉపగ్రహాల్లోని కెమెరా) చిత్రం తెరిస్తే మా పొలం ఉన్న గడిలో, అంటే చిత్రంలోని ఒక్క చుక్కలో, ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని చెప్పే అంకె) బాగానే ఉంది. నాయనకు ఫోన్ చేసి "మన దిక్కు పచ్చగనే కనబడ్తుంది గదా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఒక్కసారి వచ్చి చూడు బిడ్డా" అన్నాడు.

ఆదివారం వెళ్లాను. నడుం దాకా రావాల్సిన పత్తి మోకాలు దాటలేదు. గూడ (పత్తి మొగ్గ) రాలి సాళ్లలో ఎండిపోయింది. నాయన జానెడు లోతు తవ్వి మట్టి నా చేతిలో పోశాడు. వెచ్చగా ఉంది, ఎంత పిసికినా ముద్ద కాలేదు. తలెత్తితే గట్టవతల వాగు నిండా సర్కారు తుమ్మ నిగనిగలాడుతోంది. దాని పక్కనే బోరు కింద బత్తాయి తోట. మోడిస్ గడి ఒక్కో వైపు 250 మీటర్లు, అంటే సుమారు 15 ఎకరాలు. మా ఎండిన నాలుగెకరాలు, ఆ తుమ్మ, ఆ తోట అన్నీ కలిపి ఒకే అంకె!

అప్పటి నుంచి నేను ముందు ఏప్రిల్ చిత్రం తీస్తాను. ఎండల్లోనూ పచ్చగా ఉన్నది వానమీది పంట కాదు, దాన్ని తీసేస్తాను. మిగిలిన చెల్కను అదే చెల్క పాత ఏళ్లతో, అదే పక్షంలో పోల్చాలి. ఇప్పుడు యూరప్ వాళ్ల ఉపగ్రహం సెంటినెల్-2 పది మీటర్ల గడి దాకా చూపిస్తుంది. కానీ అసలు కావాల్సిన జూలై, ఆగస్టుల్లోనే మబ్బులు అడ్డం.

వాన సంగతి ఇంకో బాధ. కొలిచే డబ్బా మండల కేంద్రంలో ఉంటుంది, వాన గుట్టకు ఆ పక్కనే పడి ఆగిపోతుంది. పైగా నెల మొత్తం చూసి "సాధారణం" అని రాసేస్తారు. ఒక్క రాత్రి కుండపోత పడి తర్వాత 25 రోజులు చుక్క లేకపోయినా లెక్క సరిపోతుంది, విత్తనం మాత్రం మాడిపోతుంది. ముందు వాన లేని వారాలు లెక్కపెట్టండి, మిల్లీమీటర్లు తర్వాత.

2016 కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం దెబ్బతిన్న ఊళ్లలో 10 శాతం ఊళ్లకు అధికారులు వెళ్లి పొలం దిగి చూడాలి. ఆ చూసేది రోడ్డు పక్క బోరు పొలాల్లో కాదు, ఊరి చివరి ఎర్ర చెల్కల్లో. వాళ్లు మీ ఊరికి వస్తే అక్కడికే నడిపించండి.